ఆ పోస్టరు నేనివ్వను

పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఒక మిత్రురాలు ఫోన్ చేసి నన్నొక పోస్టరు అడిగింది. 1991లో హైదరాబాద్ నాలుగు వందల ఏళ్ళ పండగ చేసుకున్నప్పటి పోస్టరది. గోదావరిఖనిలో మా అమ్మ ఇనప్పెట్టెలో అలాంటిదొకటి ఉందని ఎప్పుడో మాటల్లో నేనే చెప్పాను. తనూ ఇంకొందరు స్నేహితులూ కలిసి పాత హైదరాబాద్ మీద ఒక ప్రదర్శన పెడుతున్నారట. పాత సినిమా టిక్కెట్లు, ఇరానీ హోటళ్ళ కప్పులు సాసర్లు, డబుల్ డెక్కర్ బస్సుల ఫోటోలు, వాటి మధ్య అద్దాల ఫ్రేములో ఈ పోస్టరు. "ఇప్పుడెక్కడా దొరకట్లేదే, చాలా విలువైంది" అంది. సరే ఇస్తానన్నాను. నెల తిరక్కుండానే ఇవ్వనన్నాను.

అప్పట్నుంచీ నా మీద అలకలు, నిష్ఠూరాలు. "పెట్టెలో దాచుకుంటే చెదలు తినడం తప్ప ఏమొస్తుంది? చరిత్ర నీ ఒక్కదాని సొత్తా? అందరిదీ కదా!" అని ఒకామె నిలదీసింది. అడిగినవాళ్ళు పరాయివాళ్ళు కారు. ఈ పత్రిక చదివేవాళ్ళు, రాసేవాళ్ళు, నాతో పాటు సభల్లో కింద చాపల మీద కూచున్నవాళ్ళు. అందుకే జవాబు ఫోన్లో కాకుండా ఇక్కడ చెప్పాలన్పించింది. నా పేచీ అంతా ఆ "అందరిదీ" అన్న మాటతోనే.

ముందు పోస్టరు సంగతి. మూరన్నర పొడవుంటుంది. దళసరి నున్నటి కాగితం. ముదురు నీలం ఆకాశం, మధ్యలో చార్మినార్, నాలుగు మినార్ల చుట్టూ దండలు వేసినట్టు దీపాలు. పైన పెద్దక్షరాల్లో 400. కింద తెలుగులోనూ ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ 1591–1991. అచ్చేసిన సంస్థ పేరున్న అంచుని చెదలు తినేశాయి. బొమ్మలో మనిషన్నవాడు లేడు. బండి లేదు, గాజుల దుకాణం లేదు, పొయ్యి పొగ లేదు. చార్మినార్ చుట్టూ ఎప్పుడూ కిటకిటలాడే జనాన్ని ఊడ్చేసి, రాయినీ దీపాల్నీ మాత్రం మిగిల్చారు.

ఒక నగరానికి పుట్టినరోజు ఎలా వస్తుంది? మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టించాడు కాబట్టి ఆ ఏడు నగరం పుట్టింది. అంతకుముందు మూసీ ఒడ్డున చిచలం లాంటి ఊళ్ళు ఉన్నాయంటారు. అక్కడా ఆడవాళ్ళు నీళ్ళు మోశారు, నాట్లేశారు, పిల్లల్ని కన్నారు. అదేదీ లెక్కలోకి రాదు. రాజు రాయి పాతిన దగ్గర్నుంచీ కాలం మొదలవుతుంది. ఉత్సవాల గణితం ఇదే. ఆరంభం ఎవరిదో తేల్చేస్తే వారసత్వం ఎవరిదో దానంతటదే తేలిపోతుంది. మనిళ్ళల్లో వంశవృక్షాలు రాసే పద్ధతికీ దీనికీ నాకేం తేడా కన్పించదు.

ఆ దీపాల వెనక ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహాన్ని తీసుకుపోతున్న బార్జి ఒరిగి, విగ్రహంతో పాటు పనివాళ్ళూ నీళ్ళలో పడ్డారు. వాళ్ళలో కొందరు చనిపోయారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. 1990 డిసెంబరులో నగరంలో జరిగిన మతకల్లోలాల్లో వందమందికి పైగా చనిపోయారు. పాతబస్తీలో ఎన్నిళ్ళల్లో ఆ శీతాకాలం దీపం వెలగలేదో! ఏడాది తిరిగేసరికి అదే పాతబస్తీ చార్మినార్ మెళ్ళో దీపాల దండలేసి మన చేతికి బొమ్మ ఇచ్చారు. పండగ పోస్టర్లో చావులెందుకంటారు మీరు. నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే పోస్టరు "ఆనాటి హైదరాబాద్"గా మన ముందుకొస్తే మాత్రం అడగాల్సిందే. అచ్చయిన రోజున అది ప్రకటన. ఫ్రేములోకి ఎక్కిన రోజున అది సాక్ష్యమైపోతుంది.

ఇక ఈ పోస్టరు బొగ్గు గనుల ఊరికి ఎట్లా వచ్చిందో చెప్తాను. మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపే పని. 1991లో యూనియన్ వాళ్ళతో కలిసి ధర్నాకని హైదరాబాద్ పోయాడు. అక్కడెవరో పంచుతుంటే రెండు తీసుకున్నాడు. ఒకటి రైల్లో పరుచుకుని పడుకున్నాడు. రెండోది చుట్ట చుట్టి ఇంటికి తెచ్చాడు. అప్పటికి అమ్మ హైదరాబాద్ చూడలేదు. క్వార్టర్ ముందుగదిలో మేకులు కొట్టి పెట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్ళు "పట్నం బొమ్మా?" అనడిగేవాళ్ళు.

అది గోడమీద ఉన్నది నాలుగైదు నెలలే. ఆ రోజుల్లో గోదావరిఖనిలో సాయంత్రమైతే వాకిట్లో బొగ్గుల పొయ్యి ముట్టించేవాళ్ళు. కార్మికులకు ఇంటి వాడకానికి బొగ్గు వచ్చేది. లైనుకు ఇరవై ఇళ్ళుంటే ఇరవై పొయ్యిల పొగ ఒకేసారి లేచేది. ఎదురుగా వచ్చే మనిషి కన్పించేవాడు కాదు. ఆరేసిన బట్టల మీద, నీళ్ళ కుండల మీద, పసిపిల్లల ముక్కుల్లో మసి. చార్మినార్ కూడా మసిబారింది. ఒకరోజు అమ్మ దాన్ని గోడమీంచి తీసి వెనక్కి తిప్పింది. వెనక తెల్లగా ఉంది. "ఇంత మంచి కాయిదం పారేస్తమా?" అని అడ్డంగా నిలువుగా గీతలు గీసి లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టింది.

మా అమ్మ చదివింది ఐదో తరగతి. ఆ కాగితం మీద మొదటి గడిలో తేదీ. రెండో గడిలో బాపు షిఫ్టు: మొదటి షిఫ్టుకు 'మొ', రెండో దానికి 'రెం', రాత్రి షిఫ్టుకు 'రా'. మూడో గడిలో టిక్కు. ఆ టిక్కు బాపు బాయికి పోయినందుకు కాదు, ఇంటికి తిరిగొచ్చినందుకు. ఆ తర్వాతి గడుల్లో పాలు, చీటీ, జాకెట్లు కుట్టిన కూలి, ఎవరికి ఎంత బదులిచ్చిందీ, ఎవరి దగ్గర ఎంత తెచ్చిందీ. ఇట్లా ఆగస్టు నుంచి మరుసటేడు మార్చి దాకా ఉంది. ఆ తర్వాత కాగితం నిండిపోయింది. అంతే. ఎక్కడో ఒకచోట టిక్కు లేని గడి కోసం మీరు వెతుకుతుంటే, అలాంటిది లేదు. మా బాపు రిటైరయ్యేదాకా పనిచేసి, ఆ తర్వాత ఇంటిపట్టునే పదేళ్ళు బతికి పోయాడు. నేను చెప్పేదానికి బలం రావాలంటే ఒక చావు ఉండాల్సిన అవసరం లేదు. రోజూ ఆ టిక్కు పెట్టాల్సి రావడం చాలు.

టిక్కు పెట్టాల్సి రావడమంటే ఏమిటో తెలియాలంటే 2003 జూన్ 16 గుర్తు చేసుకోవాలి. గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో గోడమీదో కేలండర్ మీదో రాసుకున్న లెక్కలుంటే, అవి ఆ తేదీ దగ్గరే ఆగిపోయి ఉంటాయి. ప్రమాదం జరిగితే విచారణ జరుగుతుంది, నివేదిక వస్తుంది, నష్టపరిహారం లెక్క తేలుతుంది. ప్రమాదం జరగని వేల రోజుల్లో, సైరన్ కూసినప్పుడల్లా చేతిలో పని ఆపి విన్న ఆడవాళ్ళ భయానికి ఏ దస్త్రంలోనూ గడి లేదు. అమ్మ తన గడి తనే గీసుకుంది.

బాయి దగ్గర మగవాళ్ళకి మస్టర్ ఉంటుంది. పేరు రాస్తారు, హాజరు వేస్తారు, జీతమిస్తారు. షిఫ్టు మాత్రం మగవాడొక్కడిదేనా? బాపుకు రాత్రి షిఫ్టయితే అమ్మకు పగలంతా డ్యూటీయే. రెండు గదుల క్వార్టర్లో ఆయన పడుకుంటే మమ్మల్ని నోరెత్తకుండా వాకిట్లో కూచోబెట్టాలి, కుట్టుమిషన్ ఆపాలి, గిన్నెలు చప్పుడు కాకుండా తోమాలి. మొదటి షిఫ్టయితే తెల్లారకముందే లేచి టిఫిన్ కట్టాలి. రెండో షిఫ్టయితే అర్ధరాత్రి నీళ్ళు కాచాలి. వారం వారం షిఫ్టు మారుతుంది. బాపుకి ఒక షిఫ్టు. అమ్మకి ఆ షిఫ్టూ, బళ్ళో మా షిఫ్టూ, నల్లా నీళ్ళొచ్చే షిఫ్టూ. నిద్ర ఎప్పుడని ఆమెని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ఆమె బాయిలోకి దిగలేదు. దిగనివ్వలేదు. అప్పట్లో అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం భూగర్భంలో ఆడవాళ్ళని పనిలో పెట్టకూడదన్న నిషేధం ఉండేది. పైన కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే పనిలో పెట్టాల్సి ఉండేది. స్త్రీల రక్షణ కోసమన్నారు. ఈ రక్షణ చరిత్ర చూడండి. బ్రిటిష్ ఇండియాలో స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేసేవాళ్ళు. 1929లో నిబంధనలు తెచ్చి క్రమంగా పైకి పంపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు చాలకపోయేసరికి 1943లో ఆ నిషేధం ఎత్తేసి మళ్ళీ కిందికి దింపారు. యుద్ధమయ్యాక 1946లో మళ్ళీ పైకి పంపారు. ఆ మూడేళ్ళపాటు స్త్రీల సౌకుమార్యం ఎక్కడికి పోయిందో! బొగ్గు అవసరమైతే రక్షణ అక్కర్లేదు, అవసరం తీరాక రక్షణ కావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో స్త్రీలు పగటిపూట భూగర్భంలోకి వెళ్ళొచ్చని సడలింపు ఇచ్చింది. చదువుకున్న ఆడపిల్లలకి ఆ తలుపు తెరుచుకోవడం నాకు సంతోషమే. కానీ బాయి మీద బతికిన స్త్రీలంటే బాయిలోకి దిగినవాళ్ళేనని అనుకుంటే, మా అమ్మలాంటి వేలమంది మళ్ళీ లెక్కలోంచి పోతారు. జీతం దగ్గర బయటుంచారు, చాకిరీ దగ్గర లోపలుంచారు. ఆ చట్టానికి అసలు అర్థం నాకు ఆ కాగితం వెనకవైపు చదివాకే తెలిసింది.

ఇప్పుడా చార్మినార్ దీపాల దగ్గరికి వద్దాం. దీపాలు వెలగడానికి కరెంటు కావాలి, కరెంటుకి బొగ్గు కావాలి. 1871లో ఇల్లెందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలంలో కట్టిన థర్మల్ స్టేషన్ బొగ్గుతో నడిచేది. ఇప్పుడా స్టేషన్ లేదు. మా దగ్గర రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. 2004లో ఏడో యూనిట్ వచ్చాక దాని శక్తి 2600 మెగావాట్లయింది. ఆ రాత్రి చార్మినార్ మీద వెలిగిన బల్బులో ఏ బాయి బొగ్గు ఉందో ఎవరూ చెప్పలేరు. గ్రిడ్‌లో పడ్డాక కరెంటుకి ఊరూ పేరూ ఉండవు. గ్రిడ్ సౌలభ్యమే అది. ఎక్కడ తవ్వారో, ఎవరి నిద్ర పోయిందో వెలుగులో కన్పించదు.

కన్పించిన సందర్భం ఒకటుంది. 2011 సెప్టెంబరు 13న తెలంగాణ సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు నెలకి పైగా బాయి దిగలేదు. బొగ్గు ఆగేసరికి రాష్ట్రమంతటా కరెంటు కోతలు పడ్డాయి. హైదరాబాద్‌లో కూడా. అప్పుడు నగరానికి మేం గుర్తొచ్చాం. ఆ నెల జీతం లేకుండా ఇళ్ళు ఎలా నడిచాయో అడిగితే, గోదావరిఖనిలో ఏ లైనుకి పోయినా ఆడవాళ్ళే చెప్తారు. కుదవపెట్టిన పుస్తెలగుండ్లు, పొడిగించుకున్న చీటీలు, పొరుగింటి బియ్యం డబ్బా. సమ్మె చరిత్ర రాసినప్పుడు జేఏసీలుంటాయి, నాయకులుంటారు, బంద్ అయిన గనుల పేర్లుంటాయి. బియ్యం డబ్బా ఉండదు.

ఉత్సవాలు హైదరాబాద్‌కే పరిమితం కాదు. మాకూ ఉన్నాయి. సింగరేణికి వందేళ్ళయిన గుర్తుగా రామగుండం దగ్గర ఒక కాలనీకి సెంటినరీ కాలనీ అని పేరు పెట్టారు. మా చుట్టాల్లో ఒకామె అక్కడే ఉండేది. "ఏడుంటున్నవే?" అంటే "సెంటినరీల" అనేది. ఆ మాటకి వందేళ్ళని అర్థమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వందేళ్ళు ఎవరివో అసలే చెప్పలేదు. ఉత్సవం పేరునే చిరునామాగా మోస్తూ, ఆ ఉత్సవంలో తన భాగమేమిటో తెలియకుండా ఒక జీవితకాలం గడిచిపోయింది. ఇలాంటి ఉత్సవాల్లో ఆడవాళ్ళకేం లేవా అంటే ఉంటాయి. ముగ్గుల పోటీ ఉంటుంది, వంటల పోటీ ఉంటుంది. ఇంట్లో ఏడాది పొడుగునా చేసే చాకిరీనే మైదానంలో చేయించి, మొదటి బహుమతి స్టీలు డబ్బా ఇస్తారు. ఒకసారి ఒకచోట మా అమ్మకీ వచ్చింది. ఆ డబ్బాలో ఇప్పటికీ చింతపండు పోసుకుంటుంది.

ఇక్కడిదాకా చదివి నా మిత్రులు తలూపుతారని తెలుసు. మనం ఈ మాటలు ముప్ఫై ఏళ్ళుగా అనుకుంటున్నవే. అసలు తగాదా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

పోస్టరులో స్త్రీ లేదని మా మిత్రులకీ తెలుసు. దానికి వాళ్ళ దగ్గరో పరిష్కారముంది. పోస్టరు పక్కన భాగమతి మీద ఒక ప్యానెల్ పెడతారట. కులీ కుతుబ్‌షా ప్రేమించిన నర్తకి పేరు మీదే భాగ్‌నగర్ వెలిసిందన్న కథ ఫెరిష్తా కాలం నుంచీ ఉంది. చరిత్రకారుడు షేర్వాణీ దాన్ని కట్టుకథగా తోసిపుచ్చాడు. తోటల నగరం కాబట్టి బాగ్‌నగర్ అయిందన్నవాళ్ళూ ఉన్నారు. గోల్కొండ దగ్గరి సమాధుల్లో తారామతి, ప్రేమామతిల పేరున సమాధులు చూపిస్తారు, భాగమతికి లేదు. ఆమె ఉందో లేదో నేను తేల్చలేను. ఉంటే ఆమె బతుకు ఎంత కష్టమైందో ఊహించగలను. ఆమె మీద నాకు కోపం లేదు.

ఆమెను వాడుకునే తీరు మీదే కోపం. ఉందో లేదో తేలని ఒక స్త్రీ పేరు మీద ఎన్ని జెండాలు లేచాయో చూడండి. 2020 నగరపాలక ఎన్నికల్లో హైదరాబాద్‌ని భాగ్యనగర్‌గా మారుస్తామని ప్రచారానికొచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకటించాడు. ఆ మాట వెనక ఒక స్త్రీ కథ ఉందన్న స్పృహ ఎవరికైనా ఉందా? హిందువా ముస్లిమా అన్న మగవాళ్ళ కొట్లాటలో ఆమె ఒక బోర్డు ముక్క. సరే, వాళ్ళు వాళ్ళే. మనం చేస్తున్నదేమిటి? రాజు పక్కన ఖాళీగా ఉన్న చోట ఒక రాణినో నర్తకినో తెచ్చి నిలబెట్టి, స్త్రీలకి చోటు దొరికిందని చప్పట్లు కొడుతున్నాం. మొదలు రాజుదే, రాయి రాజుదే, తేదీ రాజుదే. ఫ్రేము అలాగే ఉంచి బొమ్మ మార్చడం స్త్రీవాద చరిత్ర ఎప్పుడైంది?

మనకి ఇంతకంటే మంచి పాఠమే ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటానికి ఒక వీరవనిత బొమ్మని అతికించలేదు. ఊరూరూ తిరిగి, పోరాటంలో ఉన్న స్త్రీల పక్కన కూచుని, వాళ్ళు చెప్పింది విన్నారు. ఉద్యమం అయిపోయాక ఇళ్ళకి పొమ్మన్నప్పుడు ఎట్లా అన్పించిందో వాళ్ళ నోటివెంటే రాశారు. అది చదివాక పోరాట చరిత్రే మారిపోయింది. ఆ పుస్తకం చదివి పెరిగిన మనం ఇరానీ చాయ్ సాసర్ల పక్కన ఒక ప్యానెల్ పెట్టి సరిపెట్టుకుంటామా?

ఇవ్వనన్నాక నా మిత్రురాలు బాగానే ఆలోచించింది. "వెనకవైపు అమ్మ రాతలున్నాయన్నావుగా. అయితే రెండు వైపులా కన్పించేట్టు అద్దాల మధ్య పెడదాం. నిజానికి వెనకదే అసలు ఆకర్షణ అవుతుంది" అంది. నాకు ఆశ పుట్టింది. ఒప్పుకునేదాన్నే. అమ్మకి చెప్దామని గోదావరిఖని వెళ్ళాను. అప్పటిదాకా అమ్మని అడగలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. ఇస్తానన్నదీ నేనే, ఇవ్వనన్నదీ నేనే. కాగితం ఆమెది, రాత ఆమెది, పెట్టె ఆమెది.

అమ్మ అంతా విని "ఏం జేస్తరట దాన్ని?" అనడిగింది.

"గోడకి పెడ్తరటమ్మా. నువ్వు రాసింది అందరూ చూస్తరు."

కాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టె తెరిచి కాగితం తీసి, వెనకవైపు మీద వేలు పెట్టి చూపించింది. "ఇగో, ఇండ్ల మీ పక్కింటి చిన్నమ్మ బాకీ రాసున్నది. మూడు నెలలు కట్టలే. ఆమె పెనిమిటి తాగి జీతమంత పోగొట్టిన యేడు. ఇదంత నలుగుట్ల వెడ్తే ఆమె మొకం ఏడ వెట్టుకోవాలె బిడ్డా? నేను రాసుకున్నది నా యాదికి. పట్నపోళ్ళు సదువుతందుకు గాదు."

నాకు తల తీసేసినట్టయింది. ముందువైపు చూసి మురిసేవాళ్ళని ఇన్ని మాటలన్నాను. వెనకవైపుని నేను చూసిందీ అలాగేగా! నాకది స్త్రీల శ్రమ చరిత్ర, పత్రం, ఆధారం, రాబోయే వ్యాసం. అమ్మకది ఒక పొరుగింటావిడ పరువు. ఆమె రాసుకున్న లెక్కలో మనుషులున్నారు, మాట ఇచ్చి దాచిన సంగతులున్నాయి. ఆ లైనులో ఆడవాళ్ళు ఒకరి గుట్టు ఒకరు కాపాడుకుంటూ బతికారు. ఆ నమ్మకం లేకపోతే మూడు నెలల బాకీ అసలు ఎవరిస్తారు? దాన్ని తీసుకెళ్ళి అద్దాల మధ్య పెట్టి లైటు వేస్తే, పితృస్వామ్యాన్ని బయటపెట్టినట్టు కాదు, ఆ చిన్నమ్మని బయటపెట్టినట్టు. ఈ వ్యాసంలో నేనా బాకీ గురించి రాశాను. ఊరూ పేరూ గుర్తుపట్టకుండా ఇంతవరకైతే రాసుకోమని అమ్మ చెప్తేనే రాశాను.

కాబట్టి "చరిత్ర అందరిదీ" అన్న మాటకి నా జవాబిది. రాజుల చరిత్ర అందరిదీ అని చెప్పి మన చేత మోయిస్తారు. మా అమ్మల చరిత్ర అందరిదీ అని చెప్పి వాళ్ళ చేతిలోంచి తీసుకుంటారు. రెండుచోట్లా "అందరూ" అంటే నగరంలో గోడలున్నవాళ్ళే. చదువుకుని, నగరం చేరి, కలం పట్టుకున్న నేను కూడా అందులో ఉన్నాను. మన స్త్రీవాదం ఇక్కడ తనను తాను ప్రశ్నించుకోకపోతే, మిగిలిన ప్రశ్నలన్నీ ఎదుటివాళ్ళ మీద వేసే రాళ్ళే అవుతాయి.

మరి ఊరికే కూచోవాలా? కూడదు. సమయం లేదు కూడా. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్ళు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. తట్టా చెమ్మస్ పోయింది, భూగర్భ గనులు తగ్గి ఓపెన్ కాస్టులు వచ్చాయి. వాకిట్లో బొగ్గుల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. మూడు షిఫ్టుల చుట్టూ తమ నిద్రని తిప్పుకున్న ఆ తరం ఆడవాళ్ళు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు. బొగ్గు తవ్వకానికి 2039లో నూట యాభై ఏళ్ళు నిండుతాయి. హైదరాబాద్‌కి 2041లో నాలుగు వందల యాభై. రెండు ఉత్సవాలూ తప్పకుండా జరుగుతాయి, పోస్టర్లు తప్పకుండా పడతాయి. అప్పటికి చెప్పేవాళ్ళుండరు. అప్పుడు మనం మళ్ళీ చార్మినార్ పక్కనో, హెడ్‌గేర్ పక్కనో ఒక ఆడమనిషి నీడ గీసి సంతోషపడతాం.

అందుకని మిత్రులారా, ప్రదర్శనకి వస్తువులు అడక్కండి. మీరే రండి. కాజీపేట దాటాక రామగుండంలో దిగి, ఆటోలో గోదావరిఖని చౌరస్తాకి వస్తే ఏ లైనుకైనా నేను తీసుకుపోతాను. కెమెరా మొదటిరోజే తీయొద్దు. చెప్పేది వినండి. ఏది రాయాలో ఏది రాయకూడదో వాళ్ళని చెప్పనివ్వండి. రాసింది అచ్చుకిచ్చే ముందు వాళ్ళకి చదివి వినిపించండి. కొట్టేయమన్నది కొట్టేయండి, అదెంత గొప్ప వాక్యమైనా సరే. మీ ప్రదర్శన మొదటిసారి మా ఊళ్ళో పెట్టండి. మా అమ్మలు చూసి నవ్వుకుంటే, లేదా కోప్పడితే, ఆ తర్వాత పట్నం తీసుకుపోండి. దీనికి ఏడాది కాదు, ఐదేళ్ళు పట్టొచ్చు. 2039కి ఇంకా టైముంది.

పోస్టరు మాత్రం ఇవ్వను. ఇవ్వడానికి అది నాది కాదు. అమ్మ దాన్ని మళ్ళీ మడతపెట్టింది. మడత పెడుతుంటే చూశాను, లెక్కలున్న వైపు లోపలికి, చార్మినార్ బయటికి వచ్చేట్టు పెట్టింది. "దుమ్ము వడితే బొమ్మ మీదనే వడ్తది, పోనియ్యి" అంది.